ఎవరైనా అర్జీ పెట్టవచ్చు

వెల్స్,
2010 సెప్టెంబర్ 13

పెద్దమ్మా,

కుశల ప్రశ్నలు తర్వాత. నీతో పని పడింది. పని పడితేనే పెద్దమ్మ గుర్తొస్తుందా అంటావు. అను, పడతాను.

మా మందుల ఫ్యాక్టరీలో నా పనేమిటో నీకు తెలుసు. కనిపెట్టినవాళ్ళ హక్కు ఏ రోజుతో తీరిపోతుందో లెక్క చూడడం, ఆ మర్నాడే అదే మందును మేం మా పేరుతో చవకగా అమ్మడానికి కాగితాలు సిద్ధం చేయడం. ఇప్పుడు నా బల్ల మీద లెనోట్రిల్ అనే మాత్ర ఉంది. కీళ్ళవాతం మందు. గ్రాబ్‌నర్ అనే పెద్ద కంపెనీది. దాని పేటెంటుకు ఇరవై ఏళ్ళు రెండేళ్ళ కిందటే నిండాయి. కానీ మందును పరీక్షించి అనుమతి తెచ్చుకునేసరికే సగం ఏళ్ళు పోతాయని, కంపెనీలకు హక్కును పొడిగించే ఇంకో పత్రం ఇస్తారు. ఈ మందు విషయంలో ఆ పత్రం యూరప్‌లో తొలి అనుమతి వచ్చిన రోజు నుంచి పదిహేనేళ్ళ దాకా చెల్లుతుంది. కాబట్టి కథంతా ఆ తొలి అనుమతి తేదీలో ఉంది.

గ్రాబ్‌నర్ వాళ్ళు 1996 నవంబర్ 20న జర్మనీలో వచ్చిందే తొలి అనుమతి అని రాసిచ్చారు. వియన్నాలోని మా దేశపు పేటెంటు ఆఫీసు సరేనంది. అంటే వచ్చే ఏడాది నవంబర్ 20 దాకా ఆ మాత్రను ఎవరూ ముట్టుకోకూడదు.

ఇక్కడే నీ దేశం వస్తుంది. ఆ రోజుల్లో స్విట్జర్లాండ్ ఒక మందుకు అనుమతి ఇస్తే అది మీ లీక్టెన్‌స్టైన్‌లో కూడా దానంతటదే చెల్లేది కదా? స్విట్జర్లాండ్ మన యూరప్ ఒప్పందంలో లేదు, మీరు ఉన్నారు. అందుకని స్విస్ అనుమతి ముందు వస్తే ఆ తేదీనే లెక్కపెట్టాలని ఐదేళ్ళ కింద పెద్ద కోర్టు తేల్చింది. అయితే ఇవాళ స్విస్ జాబితా తెరిస్తే లెనోట్రిల్ పక్కన 1997 జనవరి అని ఉంది. గ్రాబ్‌నర్ కంపెనీ చేతులు మారినప్పుడు కొత్తగా రాసిన తేదీ అది అని నా అనుమానం. పాత ఫైలు అడిగితే బయటివాళ్ళకు చూపించరట.

నువ్వు మీ రాజధాని వాడూజ్‌లో ఆరోగ్య కార్యాలయంలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశావు. ఆ పాత స్విస్ కాగితాలు అక్కడ ఏమైనా మిగిలాయా?

నీ గెర్లిండ్


ట్రీసెన్,
2010 సెప్టెంబర్ 20

ఒసే గెర్లిండ్,

మాది దేశమేనని మీ పెద్ద కోర్టు ఐదేళ్ళ కింద తేల్చిందా? చాలా సంతోషం. నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు.

కాగితాలు ఉన్నాయి. స్విస్ రాజధాని బెర్న్ నుంచి వారం వారం అనుమతుల పట్టీ వచ్చేది. మేం చేసేదేమీ ఉండేది కాదు. వాళ్ళు ఔనంటే మేం ఔనన్నట్లే. చదివి దొంతరలో పెట్టేదాన్ని. ఆ దొంతరలన్నీ ఇప్పుడు నేలమాళిగలో అట్టపెట్టెల్లో ఉన్నాయి. పెట్టెల మీద ఏళ్ళు తప్ప ఇంకేమీ రాసి లేదు. మెట్లు పద్దెనిమిది. నా మోకాళ్ళు డెబ్భై నాలుగేళ్ళవి.

మీ యజమాని కొన్ని నెలలు ముందుగా మాత్రలమ్ముకోవడానికి నేను ఆ దుమ్ములో మోకరిల్లాలా? చర్చిలోనే మానేశాను. ఆయన్నే రమ్మను, మెట్లు చూపిస్తాను.

ఇంకో మాట. అంత పొడుగు ఉత్తరం రాశావు, మీ అమ్మ గురించి ఒక్క ముక్క లేదు. ఎప్పుడూ కనీసం "అమ్మ అడిగానంది" అని అబద్ధమైనా రాసేదానివి. ఏం దాస్తున్నావే?

క్రెసెంజ్


వెల్స్,
2010 సెప్టెంబర్ 27

పెద్దమ్మా,

అమ్మ ఒట్టు వేయించుకుంది, నీకు చెప్పొద్దని. ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను.

అమ్మ కుడి చెయ్యి పోయింది. ఏడాదిన్నర నుంచి కీళ్ళవాతం. వేళ్ళు నాలుగూ పక్కకు వాలిపోయాయి, పిడికిలి మూసుకోదు. లూస్టెనావ్‌లో మిషను తప్పిన కుట్లను చేత్తో సరిచేసిన మనిషి, ముప్పై ఏళ్ళ పాటు ఆ ఊరి లేసులో తప్పు ఎక్కడుందో ఎవరికీ కనపడకుండా చేసిన మనిషి, ఇవాళ బ్లౌజు బొత్తాలకు నన్ను పిలుస్తోంది. పిలిచి, నేను వచ్చేలోగా కోపంతో బొత్తాం పీకేస్తోంది.

లెనోట్రిల్ వాడితే ఈ జబ్బు ఉన్న చోట ఆగిపోతుందని మా డాక్టరు అంటాడు. వంగిపోయిన వేలిని తిన్నగా చేయలేదు గాని ఇంకో వేలిని వంగనివ్వదు. కానీ ఖరీదైన మందు కాబట్టి బీమా వాళ్ళ ప్రధాన వైద్యుడి సంతకం కావాలి. మూడుసార్లు అర్జీ పెట్టాం. మూడుసార్లూ ఒకటే జవాబు. ప్రస్తుతానికి ఒక్క చెయ్యే దెబ్బతింది, రెండు చేతులూ దెబ్బతిన్నాక తిరిగి దరఖాస్తు చేసుకోండి.

అమ్మ ఆ కాగితం చదివి, "అంటే ఎడమ చెయ్యి కూడా తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాలన్నమాట. పెడతాను లేవే, చెంప మీద పెడతాను" అంది.

చవక మాత్ర వస్తే ఆ సంతకం అక్కర్లేదు, మామూలు డాక్టరు రాసిస్తే చాలు. ఇప్పుడు అమ్మ ఎడమ మణికట్టు పొద్దున పూట బిగుసుకుంటోంది. నవంబర్ అంటే ఇంకా పద్నాలుగు నెలలు. మా యజమాని లాభం సంగతి నాకెందుకు పెద్దమ్మా? నాకు ఆ చెయ్యి కావాలి.

గెర్లిండ్


ట్రీసెన్,
2010 అక్టోబర్ 11

గెర్లిండ్,

మీ అమ్మకు నేను తిట్టానని చెప్పు. చెల్లెలి చెయ్యి పోయిందని ఏడాదిన్నర తర్వాత కూతురు రాస్తే తెలియాలా? నా కడుపు ఎంత మండిందంటే ఆ పద్దెనిమిది మెట్లు ఎలా దిగానో నాకే తెలియదు. నాలుగు రోజులు దిగాను. ఆఫీసులో ఉన్న కొత్త పిల్ల నాకు కుర్చీ, టార్చిలైటు ఇచ్చి, "ఏం వెతుకుతున్నారండీ?" అంది. "నా చెల్లెలి చెయ్యి" అన్నాను.

దొరికింది.

పదో వారం పట్టీ. మూడో పేజీ, కింద నుంచి రెండో వరస. లెనోట్రిల్ మాత్రలు, అనుమతి తేదీ 1996 మార్చి 4. దాని పక్కనే నా ముద్ర ఉంది. లీక్టెన్‌స్టైన్ సంస్థానం, చేరినది మార్చి 7.

ఆ ముద్ర గురించి నీకు చెప్పాలి. పట్టీల మీద ముద్ర వేయమని నాకెవరూ చెప్పలేదు. స్విస్ కాగితానికి మా ముద్ర అవసరమే లేదు. నేనే వేసేదాన్ని. ఒకసారి మా పెద్దాయన నా బల్ల దగ్గర నిలబడి, అందరూ వినేట్టు, "ఏమండీ నిగ్ గారూ, ఇంత సిరా ఎందుకు తగలేస్తున్నారు? మీరు వేసినా వేయకపోయినా ఆ మందు చెల్లుతుంది కదా" అన్నాడు. "మనం కూడా ఉన్నామని గుర్తుండాలి కదండీ" అన్నాను. ఆఫీసంతా నవ్వింది. మర్నాటి నుంచి ఇంకా గట్టిగా వేశాను. ఈ పట్టీ మీద కూడా కాగితం గుంటపడేలా వేసి ఉంది.

గ్రాబ్‌నర్ వాళ్ళు పత్రం కోసం రాసినప్పుడు యూరప్‌లో ఇంతకుముందు ఏ అనుమతీ లేదని రాశారన్నావు. మా దేశం పేరుతో విడిగా కాగితం పుట్టలేదు కాబట్టి మేం లేమనుకున్నారు. ప్రతి దేశాన్నీ తడిమి చూసిన అంత పెద్ద కంపెనీ మమ్మల్ని లెక్కపెట్టడం మరిచిపోయి పప్పులో కాలేసింది. మార్చి 4 ఎక్కడ, నవంబర్ 20 ఎక్కడ? ఎనిమిదిన్నర నెలలు తమవి కానివి జేబులో వేసుకున్నారు.

ఆఫీసు వాళ్ళ చేత నిజమైన నకలని రాయించి, నా పేరు మీద రెండు ప్రతులు తీసుకున్నాను. ఒకటి నీకు. వెళ్ళి వాళ్ళ నెత్తిన కొట్టు.

క్రెసెంజ్


వెల్స్,
2010 నవంబర్ 15

పెద్దమ్మా,

ఈ ఉత్తరం చదివి చింపెయ్. రాస్తూనే మాట తప్పుతున్నాను.

నీ నకలు చూసి మా యజమాని పిర్నర్ గారు నన్ను కౌగిలించుకున్నంత పని చేశారు. వెంటనే తేదీ సరిదిద్దమని వియన్నాకు అర్జీ వేద్దామన్నారు. నేను మూడు రోజుల్లో రాశాను. అది ఆయన బల్ల మీద మూడు వారాలు పడుకుంది. పోయిన గురువారం పిలిచారు.

"గెర్లిండ్ గారూ, కూర్చోండి. గ్రాబ్‌నర్ వాళ్ళతో మాట్లాడాను. మంచివాళ్ళే."

"మంచివాళ్ళతో మనకేం పనండీ?"

"తొందరపడకండి. మనం అర్జీ వేస్తే తేదీ మారుతుంది, నిజమే. కానీ మారితే అందరికీ మారుతుంది. మార్చిలో మనతో పాటు పది ఫ్యాక్టరీలు దిగుతాయి. వేయకపోతే, నవంబర్‌లో అందరికంటే రెండు వారాలు ముందు మనల్ని ఒక్కళ్ళనే దిగనిస్తామంటున్నారు. సంతకం పెట్టేశాను."

"అప్పటి దాకా రోగులు?"

"రోగులు మన ఒక్కళ్ళ బాధ్యతా అండీ? ఇన్నాళ్ళూ ఆగారు, ఇంకో ఎనిమిది నెలలు ఆగుతారు."

నేను లేచి నిలబడ్డాను. కాగితాలన్నీ తీసేసుకున్నారు. ఈ విషయంలో నేను గాని, నా మాట మీద ఇంకొకరు గాని కదిలితే ఉద్యోగంతో పాటు కోర్టు కేసు కూడా నా మీదేనని రాయించుకున్నారు. అమ్మకు చెప్పలేదు. అమ్మ మార్చి నెల క్యాలెండరు చూసుకుంటోంది.

ఏం చేయమంటావు?

గెర్లిండ్


ట్రీసెన్,
2010 నవంబర్ 24

ప్రియమైన గెర్లిండ్,

ఇక్కడ మొదటి మంచు పడింది. ఈ ఏడాది మొక్కజొన్న బాగా పండింది కాబట్టి రీబెల్ చేసుకున్నాను, ఆపిల్ గుజ్జుతో తిన్నాను. పక్కింటి హిల్డెగార్డ్ పిల్లి మళ్ళీ ఈనింది. కొత్త ఫాదరు గారు బాగానే పాడతారు గాని ప్రసంగం చాలా పొడుగు.

నీ ఉద్యోగం జాగ్రత్త. పెద్దవాళ్ళతో మనకెందుకు? ఆ మందు సంగతి ఇక నాకు రాయకు, నేనూ రాయను. అమ్మను అడిగానని చెప్పు.

క్రెసెంజ్


వెల్స్,
2010 డిసెంబర్ 1

పెద్దమ్మా,

మీ పక్కింటి పిల్లికి శుభాకాంక్షలు.

అమ్మ ఎడమ చేతి మధ్య వేలు వాచింది. నిన్న కాఫీ కప్పు జారి పగిలింది. అమ్మ ముక్కలు ఏరనివ్వలేదు, కాలితో పక్కకు తోసి, "కప్పుదే తప్పు" అంది.

పెద్దవాళ్ళతో మనకెందుకని రాసింది నువ్వేనా? మగవాళ్ళ సభల్లో నిలబడి ఓటు హక్కు అడిగిన క్రెసెంజ్ నిగ్ అని నేను చిన్నప్పటి నుంచి గొప్పగా చెప్పుకున్న మనిషివేనా? నాకు ఇక్కడ చేతులు కట్టేశారు, నేనేమీ చేయలేను, చేయడం లేదు. ఫ్యాక్టరీలో ఎవరూ చేయడం లేదు. నువ్వు కూడా భయపడి పిల్లిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావు. పిరికిదానివైపోయావు పెద్దమ్మా. ఇక నిన్నేమీ అడగను.

గెర్లిండ్


ట్రీసెన్,
2011 ఫిబ్రవరి 14

ఒసే గెర్లిండ్,

క్రిస్మస్ కార్డుకు కూడా జవాబివ్వలేదు నువ్వు. మంచిదే. నోరు మూసుకుని రెండున్నర నెలలు నీ తిట్లు మోశాను, ఇప్పుడు నా వంతు. కూర్చుని చదువు.

నవంబర్‌లో నీ ఉత్తరం రాగానే హిల్డెగార్డ్ మనవరాలి చేత ఆ పత్రాల చట్టం తెప్పించి మొదటి నుంచి చివరి దాకా చదివాను. ముప్పై ఒక్క ఏళ్ళు సర్కారు కాగితాలు చదివినదాన్ని, నాకు నిద్ర రాదు. చివర్లో ఒక వాక్యం ఉంది. పత్రంలో తప్పుంటే ఎవరైనా అర్జీ పెట్టవచ్చునట. కంపెనీ అనలేదు. ఫ్యాక్టరీ అనలేదు. వకీలు అనలేదు. ఎవరైనా అంది.

నీకు మంచు, రీబెల్ అని రాసిన మర్నాడే రైలెక్కి వియన్నా వెళ్ళాను. పేటెంటు ఆఫీసు కిటికీ దగ్గర ఒకావిడ ఉంది.

"ఏ సంస్థ తరఫునండీ?"

"ఏ సంస్థా లేదమ్మా."

"మీ వకీలు గారు?"

"లేడు."

"మరి మీరెవరండీ?"

"ఇదిగో, ఈ వాక్యం చదువు. ఎవరైనా అని ఉంది చూశావా? అది నేనే."

ఆవిడ రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, నా అర్జీ మీద ముద్ర వేసింది. చాలా మెల్లిగా వేసింది. "గట్టిగా వేయమ్మా, రేపు పనికొస్తుంది" అన్నాను.

పోయిన మంగళవారం విచారణ. గ్రాబ్‌నర్ తరఫున ముగ్గురు వకీళ్ళు వచ్చారు. ముందు, లీక్టెన్‌స్టైన్ ఆ మందుకు ఎన్నడూ అనుమతి ఇవ్వలేదు, ఇచ్చినట్లు కాగితమే లేదన్నారు. నా నకలు బల్ల మీద పెట్టాను. తర్వాత, ఇది వట్టి చేరిక ముద్ర, దీనికి విలువ లేదన్నారు. "విలువ ముద్రకు కాదు నాయనా, దాని పక్కన ఉన్న తేదీకి. ఆ తేదీ మీ కంపెనీ అల్మారాలో కూడా ఉంటుంది. లేదని ప్రమాణం చేస్తావా?" అని అడిగాను. ఆ అబ్బాయి పక్కవాడి వంక చూశాడు.

అప్పుడు పెద్ద వకీలు లేచాడు. ఈ ముసలావిడ వెనుక వెల్స్ ఫ్యాక్టరీ ఉంది, అక్కడ ఈమె చెల్లెలి కూతురు పనిచేస్తోంది, వాళ్ళు ఒప్పందం తప్పి ఈమెను ఆడిస్తున్నారన్నాడు. నేను దానికోసమే చూస్తున్నాను. డిసెంబర్ 1న నువ్వు రాసిన ఉత్తరం తీసి ఇచ్చాను. అధికారి పైకి చదివాడు. ఫ్యాక్టరీలో ఎవరూ ఏమీ చేయడం లేదు, నువ్వు కూడా భయపడి పిల్లిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావు, పిరికిదానివైపోయావు. గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. నువ్వు అది రాసేనాటికి నేను అర్జీ పెట్టి ఆరు రోజులైంది. నీకు తెలిసి ఉంటే అంత బాగా తిట్టగలవా? నువ్వు ఏ కోర్టులో ప్రమాణం చేయాల్సి వచ్చినా నిజమే చెప్పగలగాలి. అందుకే నీకు రాయలేదు.

చివరికి ఆ పెద్ద వకీలు, "ఇంతకీ ఈ వ్యవహారంలో మీ హోదా ఏమిటండీ?" అన్నాడు, వెటకారంగా.

నేను నిలబడే జవాబిచ్చాను. "అయ్యా, 1984 దాకా మా దేశంలో ఆడదానికి ఓటు లేదు. చట్టంలో ఎవరైనా అని ఉన్నచోటల్లా అందులో నేను లేను. రెండుసార్లు మగవాళ్ళు ఓటేసి వద్దన్నారు. మూడోసారి గెలిచాం. అప్పుడు నాకు నలభై ఎనిమిదేళ్ళు. ఆ మాటలో చోటు కోసం నేను మీరు చదువుకున్నన్ని ఏళ్ళు పోట్లాడాను. నా హోదా అదీ."

మొన్న శుక్రవారం తీర్పు వచ్చింది. తేదీ సరిదిద్దారు. పత్రం 2011 మార్చి 4తో తీరిపోతుంది. అప్పీలు చేస్తారా అని అడిగితే, చేయబోమన్నారు. వాళ్ళ అల్మారాలో ఆ కాగితం ఉండే ఉంటుంది.

పిరికి పెద్దమ్మ,
క్రెసెంజ్


వెల్స్,
2011 మార్చి 12

పెద్దమ్మా,

నీ ఉత్తరం మెట్ల మీద నిలబడే చదివాను. ఏడ్చాను. అమ్మ తలుపు తీసి చూసింది, ఇక దాచలేకపోయాను, అంతా చదివి వినిపించాను. విని, "ఆ చలిలో మా అక్క ఒక్కతే వియన్నా వెళ్ళిందా? కాస్తయినా బుద్ధి ఉందా దానికి?" అంది. అని, వంటగదిలోకి వెళ్ళి చాలాసేపు కుళాయి తిప్పి ఉంచింది.

నిన్ను పిరికిదానివన్నాను. క్షమించమని అడగను, ఆ మాట పనికొచ్చింది కాబట్టి. కానీ అన్నందుకు నా మీద నాకే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

పిర్నర్ గారు పిలిచి, "నిజం చెప్పండి, మీకు ముందే తెలుసా?" అన్నారు.

"తెలియదండీ. తెలిసుంటే రైలు టికెట్ నేనే కొనిచ్చేదాన్ని."

ఆ ఒక్క మాటకు ఉద్యోగం పోయింది. పోతే పోయింది. ఆయన తమాషా చూశావా? నవంబర్ దాకా మాత్రలు అమ్మనని తనే సంతకం పెట్టాడు. మార్చి 5 నుంచి స్లొవేనియా వాళ్ళు, హంగరీ వాళ్ళు, గ్రాట్స్ వాళ్ళు అందరూ అమ్ముతున్నారు. ఆయన గోదాములో మాత్రలు నింపుకుని కిటికీలోంచి చూస్తున్నాడు.

మార్చి 5 శనివారం, కార్నివాల్. వీధంతా వేషాలు. మందుల షాపావిడ తలకు కోడిపుంజు టోపీ పెట్టుకుని ఉంది. అమ్మ డాక్టరు చీటీ ఇచ్చింది. ఆవిడ కంప్యూటరులో చూసి, స్లొవేనియా పెట్టె ఒకటి తెచ్చి అమ్మ ముందు పెట్టింది.

"ప్రధాన వైద్యుడి సంతకం?" అని అమ్మే అడిగింది.

"దీనికి అక్కర్లేదండీ."

"ఏమన్నావమ్మా?"

"సంతకం అక్కర్లేదండీ."

"ఇంకోసారి చెప్పు."

వెనుక వరసలో ఉన్న ఎలుగుబంటి వేషం మనిషి దగ్గాడు. ఆవిడ టోపీ సరిచేసుకుని, ఈసారి షాపంతా వినపడేట్టు చెప్పింది.

మొన్న గురువారం డాక్టరు చూశాడు. కుడి చెయ్యి ఇక రాదు. అది ముందే తెలుసు. మందు పూర్తిగా పట్టడానికి ఇంకొన్ని వారాలు పడుతుంది. ఎడమ చేతిలో ఆ ఒక్క మధ్య వేలే వాచింది, కీలు ఇంకా చెడలేదు, సమయానికి మొదలుపెట్టారన్నాడు. ఇంకో ఎనిమిది నెలలు ఆగి ఉంటే అని నేను అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. గ్రాబ్‌నర్ వాళ్ళు తమవి కాకపోయినా అట్టిపెట్టుకున్న ఆ నెలల్లో అమ్మ ఎడమ చెయ్యి ఉంది పెద్దమ్మా. నువ్వు వెళ్ళి లాక్కొచ్చావు.

ఇప్పుడు అమ్మ నా ఎదురుగా కూర్చుని ఎడమ చేత్తో సూదిలో దారం ఎక్కించడం నేర్చుకుంటోంది. పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా ఎక్కలేదు. సూదిని తిడుతోంది, దారాన్ని తిడుతోంది. పాపమని ఇందాక నేను దారం కొస పట్టుకోబోయాను. ఎడమ చేత్తో నా చెయ్యి మీద ఒక్కటి వేసింది. ఇంకా మండుతోంది.

నీ గెర్లిండ్